బీరువా పక్క నేల

నాలుగు ప్లాస్టిక్ ముక్కల్లో మూడింటి కింద నేల పొడిగానే ఉంది. నాలుగోది బీరువా పక్కన అతికించింది. దాని కింద నీటి బొట్లు.

బాబాయిగారు మోకాళ్ల మీద కూర్చుని టేపు మెల్లగా లాగారు. ప్లాస్టిక్ ముక్కను కిటికీ వెలుతురుకేసి పట్టి చూశారు. తర్వాత నేల మీద అరచెయ్యి ఆనించి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు, చాలాసేపు అలాగే ఉంచారు.  మా అత్తయ్యకు తమ్ముడు, ముప్ఫై ఏళ్లుగా ఇళ్లకు నేలలు వేస్తున్న మనిషి ఆయన. పని చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటారు. ఆయన నోరు మూతపడేసరికి నాకు భయం వేసింది.

"ఏమైంది మావయ్యా?" గుమ్మంలోంచి మా ఆయన అడిగాడు.

"చెమ్మ."

"అంటే?"

"అంటే ఇవాళ పలకలు వెయ్యను."

మా ఆయన గోడకు చేరగిలబడిపోయాడు. చెక్కలా కనపడే లామినేట్ పలకల పెట్టెలు రెండు రోజులుగా ముందు గదిలో పడి ఉన్నాయి. ఇంటి గాలికి అలవాటు పడాలని బాబాయిగారే అలా పెట్టించారు. వాటిని దాటుకుంటూ, కాలి వేళ్లు కొట్టుకుంటూ తిరుగుతున్నాం. ఎల్లుండి ఉదయం మా అత్తయ్యను ఆసుపత్రి నుంచి పంపించేస్తారు.

మూడు వారాల కింద ఇదే గదిలో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న మనిషి, ఇప్పుడు వాకర్ పట్టుకుని పది అడుగులు వేస్తోంది. గది నేల ఎక్కడా ఎత్తూ పల్లం లేకుండా ఉంటేనే ఇంటికి పంపుతాననీ, లేదంటే తన దగ్గరికి తీసుకుపోతాననీ మా ఆయన అక్క, అంటే మా వదిన, కచ్చితంగా చెప్పేసింది. తీసుకుపోవడమంటే ఒక నెలకో రెండు నెలలకో కాదు. అత్తయ్య మంచం కూడా పట్టుకుపోతానంది.

పోతే నీకేమిటమ్మా నష్టం, అత్త వెళ్లిపోతే కోడలికి అంతకన్నా ఏం కావాలి అని మీరు అడగవచ్చు. మామూలు రోజుల్లో అయితే నేనూ ఆ మాటే అనేదాన్నేమో. కానీ ఇప్పుడు వెళ్లిపోతే, ఎందుకు వెళ్లిపోయిందో నలుగురూ చెప్పుకుంటారు. కోడలు తడిగుడ్డ పెట్టింది, ఆరకముందే వదిలేసింది, పెద్దావిడ కాలు జారింది. ఆ మాట నేను బతికున్నన్నాళ్లూ నా వెనకాలే తిరుగుతుంది.

నా మొహం మీద ఎవరూ అనలేదు. అదే కదా బాధ. ఆసుపత్రి వరండాలో వదిన, "ఆ పూట గది ఎవరు తుడిచారు?" అని అడిగింది. నేనే అన్నాను. "ఊఁ" అంది. అంతే. ఆ "ఊఁ" పట్టుకుని మా ఇల్లు మూడు వారాలు గడిపింది. అత్తయ్య ఏమైనా చెబుతుందేమోనని ఆవిడ మొహంలోకి చూశాను. "కాలు జారింది" అని తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. మా ఆయన అసలే తక్కువ మాట్లాడే మనిషి. ఆయన చేసిందల్లా, నేల తుడిచే కర్రను తీసుకెళ్లి పెరట్లో గోడకు ఆనించి రావడం. మర్నాటి నుంచి పొడి చీపురుతో తనే ఊడ్చాడు.

ఆ రోజు పొద్దున గుడ్డ గట్టిగా పిండానా? తడి తుడిచాక పొడిగుడ్డతో ఇంకోసారి లాగానా? లాగాననే నా గుర్తు. కానీ ఇంట్లో వాళ్లందరూ నా చేతుల వంక అలా చూస్తుంటే, నా గుర్తు మీద నాకే నమ్మకం పోయింది. అన్నం కలుపుతూ ఆ గుడ్డ పిండడమే తలుచుకునేదాన్ని.

"దీని కింద నుంచే స్నానాలగదికి పైపు పోతుంది," అన్నారు బాబాయిగారు. "అది కారుతుందేమో. పగలగొట్టి చూడాలి."

ఎన్ని రోజులు పడుతుందని మా ఆయన అడిగాడు. పగలగొట్టడం ఒక పూట, ప్లంబరు ఒక పూట, మళ్లీ కాంక్రీటు పోసి అది ఆరేదాకా ఆగడం, మొత్తం పది పన్నెండు రోజులు అనుకోమన్నారు ఆయన. చెమ్మ ఉండగా పలకలు వేస్తే నెల తిరిగేసరికి ఉబ్బి పైకి లేస్తాయట. లేచిన పలక అంచు వాకర్ కాలికి తగిలితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

మా ఆయన ఫోను తీశాడు. "అక్కకు చెప్పేస్తాను. అమ్మను తీసుకెళ్లిపోమంటాను."

అప్పటిదాకా నేను తేలుకుట్టిన దొంగలా తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఎందుకంటే ఆ చెమ్మ పైపుది కాదు. నాది.

మొన్న సాయంత్రం పాత వినైల్ షీటు పీకేశారు. పదకొండేళ్ల షీటు అది. దాని కింద ఎండిపోయిన జిగురు, బూడిద రంగు పొడి, చచ్చిన చీమలు. గీకేసి, ఊడ్చి, దుమ్ము లాగే మెషీను పెడితే చాలు అని బాబాయిగారు చెప్పి వెళ్లారు. నిన్న పొద్దున అన్నీ చేశాను. అయినా కాలు పెడితే అరికాలికి పొడి అంటుతోంది. నా సంగతి నాకు తెలుసు, నీళ్లు పడకపోతే నాకు నేల ఊడ్చినట్టే ఉండదు. పెద్దావిడ వచ్చే గది, ఇంత మురికి మీద కొత్త పలకలు ఎలా వేస్తాం అనుకున్నాను. నాలుగు బకెట్లు పోసి, బ్రష్షు పెట్టి రుద్ది, నీళ్లు స్నానాలగదిలోకి తోసేశాను. కిటికీలు తెరిచి ఫ్యాను పెట్టాను. సాయంత్రం బాబాయిగారు వచ్చి, నాలుగుచోట్ల ప్లాస్టిక్ ముక్కలు పరిచి నాలుగు అంచులా టేపు అతికించేసరికి నేలంతా తెల్లగా ఆరిపోయి ఉంది. కింద నుంచి చెమ్మ వస్తే రాత్రికి రాత్రి ముక్క అడుగున బొట్లు కడుతుందట, అదీ పరీక్ష.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పబోయాను కూడా. కానీ ఈ ఇంట్లో "నీళ్లు" అన్న మాట మూడు వారాలుగా నా నోట్లోంచి రావడం లేదు.

ఇప్పుడు చెప్పకపోతే నేల పగలగొడతారు. అత్తయ్య వెళ్లిపోతుంది. చెబితేనా? గోరుచుట్టు మీద రోకటిపోటు.

"ఫోను చెయ్యకండి," అన్నాను. "పైపు కాదు. నిన్న నేనే కడిగాను."

మా ఆయనకు అర్థం కాలేదు. ఏం కడిగావు అన్నాడు. నేల అన్నాను. ఏ నేల అన్నాడు. ఈ గదిలో ఇంకెన్ని నేలలు ఉన్నాయి? ఈ నేలే అన్నాను. సిమెంటు నేలనా అన్నాడు. అవును, నాలుగు బకెట్లు అన్నాను.

ఆయన మెడ మీద నరం లేచింది. పెళ్లయిన పదహారేళ్లలో ఆ నరం నేను రెండుసార్లు చూశాను.

"నీకు నీళ్లు తప్ప ఇంకేం కనపడవా?" అన్నాడు. "మొన్న అమ్మ పడింది సరిపోలేదా?"

బాబాయిగారు తల ఎత్తలేదు. చేతిలో టేపు ముక్కను ఉండ చుడుతూ కూర్చున్నారు.  అన్న మాట ఆయనకే వినపడినట్టుంది, మా ఆయన మొహం పాలిపోయింది.

విచిత్రం ఏమిటంటే నాకు ఏడుపు రాలేదు. ఏదో మూత ఊడినట్టయింది.

"అన్నారు కదా," అన్నాను. "మూడు వారాలు పట్టింది. ఆ కర్ర పెరట్లో పెట్టిన రోజే అనేస్తే, నేనూ ఆ రోజే జవాబు చెప్పేదాన్ని."

"ఏం చెప్పేదానివి?"

"పొడిగుడ్డతో తుడిచానని చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పలేను. మీరంతా కలిసి నన్ను నేనే నమ్మకుండా చేశారు."

ఆయన ముందు గదిలోకి వెళ్లిపోయాడు. పెట్టెలకు కాలు తగిలిన చప్పుడు, చిన్నగా ఒక మూలుగు. తగలనీ అనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు, నాకు దుత్త కూడా దొరకలేదు. ఖాళీ బకెట్‌ను కాలితో ఒక్కటి తోశాను. అది దొర్లుకుంటూ వెళ్లి బాబాయిగారి మోకాలి దగ్గర ఆగింది.

ఆయన దాన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"నాలుగు బకెట్లన్నావా?"

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు ఈయన కూడా మొదలుపెడుతున్నారు అనుకున్నాను. గదంతా పోశావా అని అడిగారు. గదంతా అన్నాను. మరి మూడు ముక్కల కింద పొడిగా ఎందుకుంది అన్నారు. నాకేం తెలుసు, మీరే కదా మేస్త్రీ అన్నాను. ఆ పొగరు మాటకు ఆయన ఏమీ అనుకోలేదు.

"తోసేశాక నీళ్లు ఎక్కడైనా నిలిచాయా అమ్మా? బాగా గుర్తు చేసుకుని చెప్పు."

నిలిచాయి. బీరువా పక్కన. ఎంత తోసినా అక్కడికే వచ్చి చేరేవి. మూడుసార్లు గుడ్డ ముంచి బకెట్‌లోకి పిండాల్సి వచ్చింది. గదిలో వేరే ఎక్కడా అంత కష్టం కాలేదు.

ఆయన లేచి వెళ్లి వరండాలోంచి తన పొడుగాటి అల్యూమినియం బద్ద తెచ్చారు. నేల మట్టం చూసేది అదే. దాని రెండు కొసలూ సమంగా ఆనితే, మధ్యలో కింద గోరు కూడా దూరకూడదు. మంచం పక్క నుంచి బీరువా దాకా పరిచారు. చెంప నేలకు ఆనించి, బద్ద కింద నుంచి వెలుతురు వస్తుందేమో చూశారు. నేనూ వంగి చూశాను. అటువైపు గోడ కింద అంచు స్పష్టంగా కనపడింది. ఆయన బొటనవేలు దూర్చారు. వేలు మొత్తం దూరింది.

సుత్తి తిరగేసి పిడితో కొట్టారు. మంచం దగ్గర టక్ టక్ అని గట్టిగా మోగింది. జరుగుతూ కొట్టుకుంటూ వచ్చారు. బీరువా దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారిపోయింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డబ్ డబ్. ఆయన నిలబడి అక్కడ కాలు పెట్టి బరువు వేశారు. చాట వెడల్పు సిమెంటు పెచ్చు ఒకవైపు కిందికి దిగి, కాలు తీయగానే పైకి వచ్చింది.

"అబ్బాయ్," అని పిలిచారు.  "ఇలా రా."

మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

"మీ అమ్మ పొద్దున్నే మంచం మీంచి లేచి ఏం చేస్తుంది?"

బీరువా దగ్గరికి వెళ్లి కళ్లజోడు తీసుకుంటుందని ఆయన చెప్పాడు.

"అలాగే నడిచి చూపించు. కిందికి చూడకు."

మా ఆయన మంచం దగ్గరి నుంచి నడిచాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగుకు కాలు దిగింది. ముందుకు తూలి బీరువా పిడి పట్టుకున్నాడు. ఆ పిడి ఆయన చేతికి అందింది కాబట్టి సరిపోయింది. అత్తయ్య చెయ్యి అంత దూరం అందదు.

ఆయన పిడి వదల్లేదు. తర్వాత కాలు ఎత్తి, మళ్లీ అక్కడే పెట్టాడు. దిగింది. మళ్లీ పెట్టాడు. దిగింది.

"ఎక్కడ పడింది మీ అమ్మ?" అని బాబాయిగారు అడిగారు.

"ఇక్కడే," అన్నాడు మా ఆయన.

పైన వినైల్ షీటు సాపుగా ఉండేది. కింద నేల ఇలా ఊగుతోందని ఎవరికి తెలుస్తుంది? నేను రోజూ తుడిచే గదే. అయితే నేను తుడిచేది వంగి, వెనక్కి జరుగుతూ. ఆ మూలకు చెయ్యి వెళుతుంది గానీ కాలు వెళ్లదు.

నేను కాదు. ఆ రెండు మాటలే లోపల తిరిగాయి. నేను కాదు, నా గుడ్డ కాదు, నేను సరిగ్గానే పిండాను, సరిగ్గానే తుడిచాను. గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాను. గుండెల మీంచి బండ దింపినట్టుంది అంటారు చూడండి, ఊరికే అనరు. నిజంగా ఊపిరి తేలికైంది. అప్పుడు వచ్చింది ఏడుపు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిమెంటు పొడిలో కూర్చుని, సుఖంగా ఏడ్చాను.

ఆ కడిగిన నీళ్లే ఇదంతా బయటపెట్టాయి. కడగకపోతే ఆ ముక్క కిందా పొడిగానే ఉండేది. మూల అని బాబాయిగారు పైపైన చూసి పలకలు పరిచేసేవారేమో. అయినా ఆ గొప్ప నేను చెప్పుకోలేదు. చెప్పుకోవాలని మాత్రం చాలా ఉంది.

బాబాయిగారు లేవలేదు. పెచ్చు అంచున ఉలి పెట్టి మెల్లగా లేపారు. అది ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. కింద ఇటుక ముక్కలు, నిన్నటి నీళ్లు పీల్చుకున్న గుల్ల ఇసుక, నలిగిన సిమెంటు సంచి కాగితం. ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయారు.

"ఇది నా చేతి పనే," అన్నారు.

పదకొండేళ్ల కింద పైపు మార్చినప్పుడు తవ్విన కాలువ అది. ఇటుక ముక్కలు పొరలు పొరలుగా వేసి, దిమ్మిసతో గట్టిగా కుదించి, కాంక్రీటు పోసి, కనీసం మూడు రోజులు ఆగాలి. ఆ వారం ఆయనకు చేతినిండా పని ఉందట. దొరికిందల్లా గుంతలో పడేసి, పైన రెండు వేళ్ల మందాన సిమెంటు పూసి, మర్నాడే షీటు పరిచేశారట. కాలం గడిచి కింద ఇసుక జారింది, పై పెచ్చు గాల్లో నిలిచింది.

"పరాయివాళ్ల ఇల్లయితే ఆగేవాణ్ణి రా," అన్నారు మా ఆయనతో. "అక్క ఇల్లే కదా, ఏమంటుందిలే అనుకున్నాను."

మా ఆయన ఏమంటాడోనని చూశాను.  నరం లేవలేదు. మెడ మీద చెయ్యి వేసి రుద్దుకున్నాడు. ఇప్పుడేం చెయ్యాలి, ఏం తేవాలి అని అడిగాడు. గుంత శుభ్రం చేసి, తొందరగా బిగిసే సిమెంటుతో ఇప్పుడే నింపాలని, రేపు గదంతా మట్టం చేసే పిండి కలిపి పోయాలని, అది నీళ్లలా పారి దానంతట అదే సమంగా పరుచుకుంటుందని బాబాయిగారు చెప్పారు. అది ఆరడానికి ఒక రోజు. ఆ మర్నాడు పలకలు. ఎంత లెక్క వేసినా ఎల్లుండి కుదరదు, ఆవలెల్లుండి సాయంత్రానికి గది సిద్ధం. ఒక్క రోజు ఆలస్యం.

మా ఆయన బయల్దేరాడు. గేటు దాకా వెళ్లినట్టే వెళ్లి, పెరటివైపు తిరిగాడు. తుడిచే కర్ర పట్టుకుని వచ్చి వంటింటి తలుపు వెనక దాని పాత చోట్లో పెట్టాడు. అక్కడే నిలబడ్డాడు.

"కర్ర తెచ్చారు, సరే," అన్నాను. "మాట?"

"తప్పయింది. అలా అనకూడదు."

"అన్నందుకు కాదు. అనుకున్నందుకు."

ఆయన తల ఊపాడు.  నాకూ ఆ పూటకు అది చాలనిపించింది. మిగిలింది తీరిగ్గా వసూలు చేసుకుంటాను, ఎక్కడికి పోతాడు?

ఆయన వెళ్లాక బాబాయిగారు, ఒక్క రోజు ఆగమని అత్తయ్యకు తనే చెబుతానన్నారు. ఎందుకు ఆగాలో కూడా తనే చెప్పాలన్నారు. పెచ్చు పీకిన రెండు చేతులూ మోచేతుల దాకా సిమెంటు పొడి. అందుకని ఆయన జేబులోంచి నేనే ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఆయన నోటి దగ్గర పట్టుకున్నాను.

అత్తయ్యే ఎత్తింది. మా వదిన మందుల చీటీల కోసం కిందికి వెళ్లిందట, గదిలో ఒక్కతే ఉంది. నేల ఎంతవరకు వచ్చిందని అడిగింది.

"అక్కయ్యా," అన్నారు బాబాయిగారు. "బీరువా పక్కన నేల బోలుగా ఉంది. ఆ పైపు గుంత నేను సరిగ్గా పూడ్చలేదు. నువ్వు పడింది నా మూలంగానే."

 అటువైపు ఏదో బండి చక్రాలు వరండాలో దొర్లుతూ పోయాయి.

"నాకు తెలుసు రా," అంది అత్తయ్య.

బాబాయిగారు ఫోను మీదికి ఇంకాస్త వంగారు.

"ఏడాది నుంచీ తెలుసు. అడుగేస్తే దిగేది. పక్క నుంచి నడిచేదాన్ని. ఆ రోజు నిద్రమత్తులో మర్చిపోయాను."

ఎందుకు చెప్పలేదని ఆయన అడిగారు. ఆవిడ నిట్టూర్చింది.

"చెబితే నీ పనని తెలిసిపోదూ? అల్లుడిగారింట్లో నేలలూ నీతోనే వేయించాను. వాళ్ల చుట్టాలందరూ నిన్నే పిలుస్తున్నారు. అక్క కాలు విరగ్గొట్టిన మేస్త్రీ అంటే ఇంకెవరు పిలుస్తారు నిన్ను?"

"మరి అమ్మాయో? అందరూ ఆ పిల్లను అనుకుంటున్నారు కదా."

"అది తట్టుకుంటుందిలే. నోరున్న పిల్ల. కోడలే కదా, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది అనుకున్నాను."

బాబాయిగారు కళ్లు మూసుకున్నారు. అక్క ఇల్లే కదా అని ఆయన, కోడలే కదా అని ఆవిడ. ఒక తల్లి పిల్లలే మరి.  ఫోను పడేస్తానేమోనని రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాను.

"అత్తయ్యా," అన్నాను. "ఫోను పట్టుకున్నది నేనే."

చక్రాల చప్పుడు కూడా లేదు ఇప్పుడు.

"బాబాయిగారి చేతులకు సిమెంటు అంటింది. అందుకని," అన్నాను. ఆ సంజాయిషీ ఎందుకు ఇచ్చానో నాకే తెలియదు.

అబ్బాయి ఉన్నాడా అని అడిగింది. సామాను తేవడానికి వెళ్లారన్నాను. నేల బోలని వాడు చూశాడా అంది. చూశారు, తూలి పడబోయారు కూడా అన్నాను.

"అయితే నీ మీద మాట పోయింది కదమ్మా. అది చాలు కదా." గొంతు తగ్గించింది. "నాకు ముందే తెలుసన్నది మాత్రం వాడికి చెప్పకు. వాడి ముందు తలెత్తుకోలేను. కావాలంటే నేను మీ వదినతో వెళ్లిపోతాను. రోజూ నా మొహం చూడాల్సిన పని నీకుండదు."

వెళ్లమనడానికి ఒక్క మాట చాలు. నాలుక కొస దాకా వచ్చింది కూడా. మూడు వారాలు. ఆవిడకు బట్టలు మార్చింది నేను, జడ వేసింది నేను, అన్నం తినిపించింది నేను. ఆ తినేటప్పుడు ఒక్క పూటైనా నోరు విప్పి ఉంటే! పోనీ, అక్కడికే పోయి సుఖంగా ఉండండి అనేస్తే నా కసి తీరేది. కానీ కసితో పాటు ఇంకోటి కూడా ఉంది నాలో. అరగంట కింద దిగిన బండ తేలికదనం ఇంకా పోలేదు. పోట్లాడాలంటే ఒంట్లో కాస్త బరువుండాలి, అది ఆ పూట నా దగ్గర లేదు.

"ఎక్కడికీ వెళ్లరు మీరు," అన్నాను. "ఇక్కడికే రండి. ఒక్క రోజు ఆలస్యంగా. ఆయనతో నేను చెప్పను. మీరే చెప్పాలి."

"చెప్పలేకపోతే?"

"చెప్పేదాకా రోజూ పొద్దున్నే మీ గది నేనే తుడుస్తాను. మీ మంచం చుట్టూ. తడిగుడ్డతో."

"లామినేట్ మీద తడిగుడ్డ పనికిరాదమ్మా," అన్నారు బాబాయిగారు కళ్లు తెరవకుండానే.

అత్తయ్య నవ్వింది. అంత పెద్ద నవ్వేమీ కాదు. కానీ ఆవిడ నవ్వి మూడు వారాలైంది. నాకు కోపం పోలేదు, అయినా నవ్వొచ్చింది. బాబాయిగారు ముక్కు తుడుచుకోబోయి మొహమంతా సిమెంటు చేసుకున్నారు.

"వస్తాను," అంది అత్తయ్య. చెబుతారా అని నేను అడిగాను. ఇంతలో తలుపు చప్పుడు, ఎవరమ్మా ఫోన్లో అని వదిన గొంతు. ఏమీ లేదు, మీ మావయ్య, ఒక్క రోజు ఆలస్యమవుతుందట అంటూ ఆవిడ పెట్టేసింది.

బాబాయిగారు గుంతలోంచి ఇటుక ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. నేను గంప పట్టాను.  అడుగు దాకా తీసేశాక ఆయన బ్రష్షుతో అంచులు దులిపారు. పైపు మీద చెయ్యి పెట్టి చూసి, పొడిగానే ఉందన్నారు. అప్పటికి గేటు తెరుచుకుంది.

మా ఆయన సంచి భుజాన వేసుకుని వచ్చాడు. చొక్కా అంతా తెల్లపొడి. గుంతను చూశాడు, బాబాయిగారి మొహాన్ని చూశాడు, చివరికి నన్ను చూశాడు. ఈసారి తిన్నగానే చూశాడు.

"అమ్మ ఏమంది?"

బాబాయిగారు తాపీ అందుకుని అటు తిరిగారు.

"ఇక్కడికే వస్తుందట," అన్నాను. "మీతో ఏదో చెప్పాలట."

"ఏమిటి?"

"ఆవిడ మాట ఆవిడే చెబుతుంది. నన్నడక్కండి."

ఆవిడ ఇంటికొచ్చాక అడుగుతాడనుకున్నాను. ఆవలెల్లుండి దాకా టైము ఉందనుకున్నాను. ఆయన సంచి దించి గోడకు ఆనించాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని జేబులోంచి ఫోను తీశాడు. అక్కడ అత్తయ్య పక్కనే వదిన కూర్చుని ఉంటుంది. ఆగండి అనబోయాను. నోరు తెరిచి, మళ్లీ మూసేసుకున్నాను. మూడు వారాలు ఆగింది నేను.

"అమ్మా," అన్నాడు మా ఆయన. "నాకేదో చెప్పాలన్నావట. చెప్పు, వింటున్నాను."